హెల్మెట్ ఇంట్లో, తల రోడ్డుమీద

పట్నానికి పనిమీద వెళ్ళే మన ఊరివాళ్ళను "హెల్మెట్ ఏదండీ?" అని అడిగి చూడండి. "ఇంట్లో ఉందండీ. అక్కడ బండిమీద పెడితే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు" అనే జవాబు తరచుగా వింటుంటాము. సంతలోనో, ఆసుపత్రి ఆవరణలోనో ఒకసారి పోగొట్టుకున్నవారు మళ్ళీ కొన్నా దానిని అటకమీదనే ఉంచుతారు. దొంగ పట్టుకుపోయింది ఒక్క హెల్మెట్టే గాని, ఆ భయం వలన ఇంట్లో అందరి తలలకూ రక్షణ లేకుండా పోతున్నది. అందుకే ఈ చిన్న సంగతిని గూర్చి కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం నడిపేవారికే గాక వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ ఉండాలి. 2019 సవరణతో జరిమానా 1000 రూపాయలైంది. మూడు నెలలు లైసెన్సు కూడా పోవచ్చు. భార్యాభర్తలు కలిసి వెళితే రెండు హెల్మెట్లు. బండి దిగాక రెండింటినీ చంకలో పెట్టుకొని బట్టల కొట్లో తిరగడం ఎవరికైనా కష్టమే.

చాలామంది అద్దానికి తగిలించి వెళ్ళిపోతారు. అది దొంగ చేతికి అందించినట్టే. పైగా అద్దం కొన లోపలి థర్మోకోలును నొక్కేస్తుంది. దెబ్బను తట్టుకొనేది ఆ థర్మోకోలే గదా! పెట్రోలు ట్యాంకు మీద పెట్టడమూ మంచిది కాదు, జారి పడుతుంది.

మీ బండి సీటును ఒకసారి తాళంతో తెరచి చూడండి. చాలా బళ్ళకు సీటు కింద చిన్న కొక్కెం ఉంటుంది. హెల్మెట్ గడ్డం పట్టీకి ఇనుప రింగు ఉంటే దానిని కొక్కేనికి తగిలించి సీటు మూసేయవచ్చు. ఏళ్ళ తరబడి బండి నడుపుతున్నవారిలో కూడా ఈ కొక్కెం ఉన్నట్టు తెలియనివారు ఎందరో! అయితే హెల్మెట్‌ను అలా వేలాడదీసి బండి నడపకండి, చక్రంలో ఇరుక్కుంటుంది.

పట్టీని బ్లేడుతో కోసేవాళ్ళు ఉన్నారు. కోసిన పట్టీతో ఆ హెల్మెట్ వాడికీ పనికిరాదు, మనకీ పనికిరాదు. అందుచేత సైకిలుకు వేసే తీగ తాళం మేలు. ముఖమంతా కప్పే హెల్మెట్ అయితే తీగను పట్టీలోనుండి గాక గడ్డం ముందున్న గట్టి భాగం లోనుండి దూర్చి, బండి వెనుక ఇనుప కడ్డీకి చుట్టి తాళం వేయండి. రెండు హెల్మెట్లకూ ఒకే తీగ చాలు. రెయిన్‌కోటు చేతిలోనుండి కూడా దానినే దూర్చవచ్చు. గట్టి కటింగు ప్లేయరు తెచ్చినవాడిని ఈ తీగ ఆపలేదు. చేతికందింది ఎత్తుకుపోయేవాడిని మాత్రం ఆపుతుంది.

పోయినదానికి బదులు రోడ్డుపక్కన పాత హెల్మెట్ చవకగా దొరికిందని కొనకండి. అది ఎవరి ఇంటినుండి వచ్చిందో, ఇంతకుముందు ఎంత దెబ్బ తిన్నదో పైకి కనబడదు. ఐ.ఎస్.ఐ. గుర్తున్న కొత్తదే కొనండి.

ఇక డిక్కీ సంగతి. బ్యాంకులో పంట డబ్బో, బంగారం అప్పో తీసుకొని డిక్కీలో పెట్టి, పక్క కొట్టులో ఎరువుల కోసం ఆగేవారున్నారు. దొంగ బ్యాంకు దగ్గరనుండే వెంటవస్తాడు. "నోట్లు కింద పడ్డాయి" అనో, "టైరులో గాలి లేదు" అనో మాటల్లో పెడతాడు, ఇంకొకడు డిక్కీ తెరుస్తాడు. డబ్బుంటే దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా ఇంటికి రండి. ఆర్.సి., లైసెన్సు అసలు కాగితాలు కూడా బండిలో ఉంచనక్కరలేదు. డిజీలాకర్‌లో ఉన్నవి ఫోనులో చూపితే 2018 నుండి చెల్లుతున్నాయి.

స్టాండులో చీటీ బండికే ఇస్తారు. హెల్మెట్ అక్కడ అప్పగించేటట్లయితే దానికి వేరే చీటీ అడిగి తీసుకోండి.

ఆదివారం మందిరం ఆవరణలో నిలిపిన బళ్ళకు కూడా ఈ బెడద ఉన్నదే. వరండాలో రెండు అరలు కొట్టించి, ఆరాధన ముగిసేవరకు ఒక యౌవనస్థుణ్ణి అక్కడ కూర్చోబెడితే ఖర్చు పెద్దగా ఉండదు. వాన వచ్చినా హెల్మెట్లు తడవవు.