నగర ఆఫ్రికాలో పెద్దపేగు క్యాన్సర్: ప్రమాద కారణాలు, చికిత్సా ఫలితాలు

ఆఫ్రికా నగరాల్లో పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ల చర్చ తరచుగా డెనిస్ బర్కిట్‌తో మొదలవుతుంది. ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో శస్త్రవైద్యుడిగా పనిచేసిన ఈ ఐరిష్ పరిశోధకుడు, ఆఫ్రికన్లలో ఈ వ్యాధి అరుదు కావడానికి పీచు సమృద్ధిగా ఉన్న ఆహారమే కారణమని 1971లో ప్రతిపాదించాడు. ప్రతిపాదన బలమైనదే. అయితే ఆసుపత్రి గడప తొక్కని రోగి ఏ లెక్కలోకీ రాడు. కనుక నాటి అరుదుతనంలో ఆహారం ఇచ్చిన రక్షణ ఎంత, రోగనిర్ధారణ లేమి ఎంత అన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఆహారం పాత్రకు 2015లో గట్టి ఆధారం లభించింది. స్టీఫెన్ ఓకీఫ్ బృందం 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లకు, దక్షిణాఫ్రికా గ్రామీణులు 20 మందికి రెండు వారాలపాటు పరస్పరం ఆహారం మార్చింది. గ్రామీణుల ఆహారంలో పీచు రోజుకు సుమారు 66 గ్రాముల నుంచి 12 గ్రాములకు తగ్గి, కొవ్వు మూడింతలకు పైగా పెరిగింది. పేగులోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి తయారుచేసే బ్యుటిరేట్ పేగు కణాలకు పోషకం. గ్రామీణులలో అది సగానికి పడిపోయింది. పేగు పొరలో వాపు లక్షణాలు, కణ విభజన వేగం పెరిగాయి. అమెరికన్లలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. రెండు వారాల్లో క్యాన్సర్ రాదు, పోదు. మారినవి ప్రమాద సూచికలు మాత్రమే. పల్లె నుంచి నగరానికి వలసవచ్చిన కుటుంబానికి మాత్రం ఆ మార్పు రెండు వారాలతో ముగిసేది కాదు. స్థూలకాయం, మద్యం, పొగాకు, శారీరక శ్రమ తగ్గడం దానికి తోడవుతాయి. కంపాలా క్యాన్సర్ నమోదు పట్టికలోనూ ఈ వ్యాధి క్రమంగా పెరిగింది.

రోగులలో యాభై ఏళ్లలోపువారి వాటా ఐరోపాలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని జన్యు విశేషంగా భావించడం తొందరపాటు. అక్కడి జనాభాయే యువ జనాభా.

ఫలితాలను నిర్ణయించేది ప్రధానంగా కాలహరణం. మలంలో రక్తం కనిపిస్తే మొలలనో, జిగట విరేచనాలనో భావించి నెలల తరబడి మందులు వాడతారు. కొలనోస్కోపీ కొద్ది ఆసుపత్రులకే పరిమితం. పేగు మూసుకుపోయాకో, కాలేయానికి వ్యాపించాకో శస్త్రచికిత్సకు వచ్చేవారు ఎందరో. వ్యాధి బయటపడినా చికిత్స అందుబాటులో ఉంటుందన్న భరోసా లేదు. పురీషనాళ క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స ముఖ్యం. బర్కిట్ పనిచేసిన ములాగోలోనే, ఉగాండాకంతటికీ ఉన్న ఒకే ఒక్క రేడియేషన్ యంత్రం 2016లో పాడైపోయింది. దాదాపు రెండేళ్ల తర్వాత గానీ కొత్త యంత్రం రాలేదు. ఈలోగా ఆ చికిత్స కోసం రోగులు నైరోబీ వరకు వెళ్లవలసి వచ్చింది.