పనిస్థలంలో మానసిక ఆరోగ్యం - ఎవరి బాధ్యత?

పని ఒత్తిడితో కుంగిపోయిన ఉద్యోగిని ధ్యానం చేయమంటాయి యాజమాన్యాలు. అంటే లోపం మనిషిలోనే ఉంది, పనిలో లేదని అర్థం. ఇది వాస్తవాన్ని తలకిందులు చేయడమే.

ఫ్రాన్స్ టెలికాం ఉదంతం చూడండి. 2006లో ఆ సంస్థ మూడేళ్లలో 22,000 మందిని వదిలించుకోదలచింది. వారిలో అత్యధికులను తొలగించడానికి చట్టం ఒప్పుకోదు. కనుక బలవంతపు బదిలీలతో, అర్హతకు తగని పనులతో వారంతట వారే వెళ్లిపోయేలా ఒత్తిడి పెట్టింది. న్యాయస్థానం పరిశీలించిన 39 మంది బాధితుల్లో 19 మంది ఆత్మహత్య చేసుకున్నారు. 2019 డిసెంబరులో పారిస్ న్యాయస్థానం దీనిని సంస్థాగతమైన మానసిక వేధింపుగా నిర్ధారించి, సంస్థ మాజీ అధిపతికి శిక్ష విధించింది. అనగా నేరం ఒక దుష్ట అధికారి స్వభావంలో కాదు, యాజమాన్య విధానంలోనే ఉంది.

కనుక చికిత్స కూడా అక్కడినుంచే మొదలుకావాలి. పనిభారాన్ని, పనివేళలను సరిచేయడం, ఆ మార్పుల్లో ఉద్యోగులకు భాగం ఇవ్వడం, పై అధికారులకు శిక్షణ, జబ్బునుంచి కోలుకున్నవారు తిరిగి పనిలో కుదురుకోవడానికి తోడ్పాటు - ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు చెప్పేది ఇదే. ధ్యానానికీ చోటుంది గాని, అది వీటికి బదులు కాదు.

ఉద్యోగి నిరాశను చిత్రించే రచయిత అతని మనసుతోపాటు అతని బదిలీ ఉత్తర్వును కూడా చదవాలి. లేకపోతే కన్నీటిని చూపి కారణాన్ని దాచినవాళ్లమవుతాం.