రెగ్జిన్ సీటులో దాగిన నూనె

ఏటిమొగ నుంచి ఎదురుమొండి దీవికి కృష్ణ పాయ దాటించే పంటు మీద మెత్తటి సీట్ల ముచ్చటే లేదు. కానీ ఆ పంటు ఎక్కే మోటారు సైకిళ్ళన్నిటికీ సీట్లుంటాయి. ఉప్పుగాలి, రొయ్యల చెరువు బురద, చేపల తట్ట నీసు, ఎండ, వాన అన్నీ ఆ సీటు మీదే పడతాయి. విహారానికి తిప్పే పడవల్లో కుషన్ సీట్లకూ ఇదే గతి. బందరు–బెజవాడ రోడ్డులో గుడివాడ దారి చీలే పామర్రు లాంటి కూడలి ఊళ్ళలో సీట్లు కుట్టేవాళ్ళకు పని దొరకడానికి కారణం ఆ సీట్లు చిరగడమే. అవి అసలెందుకు చిరుగుతాయన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

నాలుగేళ్ళు తిరిగిన ఆటో సీటును దగ్గర నుంచి చూడండి. నున్నగా కనిపించే రెగ్జిన్ మీద తోలుకు ఉన్నట్టే సన్నటి గీతలు, గుంటలు ఉంటాయి. ఫ్యాక్టరీలో చెక్కిన రోలరుతో వేడి మీద నొక్కి అద్దిన నమూనా అది. మురికంతా ఆ గుంటల్లో కూర్చుంటుంది. పైపైన గుడ్డతో తుడిస్తే గట్లు శుభ్రమై, గుంటలు నల్లగా మిగిలిపోతాయి. వెనక సీటులో తల ఆనే చోట కొబ్బరినూనె మరక జిగటగా ఉంటుంది. కుట్టు వెంబడి దారం రంగు మారి ఉంటుంది. వానాకాలంలో ఆ కుట్టు మీద వేలితో నొక్కితే లోపలి స్పాంజి నుంచి నీళ్ళు ఊరతాయి.

ఇంత మురికి పట్టినా రెగ్జిన్ చావదు. దాని ప్రాణం లోపలున్న నూనెలో ఉంది. ఆ నూనె పోయిన రోజున, నెయ్యి చాలని సున్నుండలా సీటు విచ్చిపోతుంది. మనం చేసే శుభ్రతలో సగం ఆ నూనెను తోడేసే పనే.

ఈ నూనె కథ ఆముదంతో మొదలైంది. ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర హైడ్ అనే ఊళ్ళో రెగ్జిన్ కంపెనీ ఉండేది. వాళ్ళు నూలు గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి తోలులా కనిపించే బట్ట తయారుచేసేవారు. దూదిని నత్రికామ్లంతో కలిపి చేసే ఈ పదార్థం ఎండితే పెళుసుగా విరుగుతుంది. అందుకని అలాంటి పూతల్లో మెత్తదనం కోసం ఆముదం కలిపేవారు. రైలు పెట్టెల లోపలి గోడలు, కారు సీట్లు, పుస్తకాల అట్టలు దీనితోనే తయారయ్యాయి. చిక్కల్లా ఒక్కటే. నైట్రోసెల్యులోజ్ తుపాకీమందుకు దగ్గర చుట్టం, నిప్పంటుకుంటే ఆగదు.

దాన్ని పక్కకు నెట్టిన పదార్థం పీవీసీ. 1835లో ఫ్రెంచి శాస్త్రవేత్త విక్టర్ రెన్యో వినైల్ క్లోరైడ్ వాయువును తయారుచేశాడు. 1872లో జర్మనీకి చెందిన యూజెన్ బౌమన్ ఎండ తగిలిన సీసాల్లో ఆ వాయువు తెల్లటి పొడిగా మారడం చూశాడు. చూసి ఊరుకున్నాడు, దానితో ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. కార్బైడు దీపాల స్థానంలో కరెంటు దీపాలు వచ్చి, జర్మనీలో కాల్షియం కార్బైడు, దాన్నుంచి వచ్చే ఎసిటిలీన్ వాయువు మిగిలిపోతున్న రోజుల్లో, గ్రీషైమ్ ఎలెక్ట్రాన్ అనే కంపెనీలో ఫ్రిట్జ్ క్లాట్టె ఆ ఎసిటిలీన్ నుంచే వినైల్ క్లోరైడ్ చేసి 1913లో పేటెంటు పుచ్చుకున్నాడు. లాభం కనపడక కొన్నేళ్ళకు ఆ పేటెంటును కంపెనీ వదిలేసుకుంది. పీవీసీ బరువులో సగానికి పైగా, దాదాపు 57 శాతం, క్లోరిన్. ఆ క్లోరిన్ వచ్చేది మామూలు ఉప్పు నుంచే. ఆ క్లోరిన్ పరమాణువుల వల్ల పొడుగాటి గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయి. అందుకే ఉత్త పీవీసీ కర్రలా గట్టిగా ఉంటుంది. మన పొలాల్లో బోరు పైపు అదే.

1926లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో, బీ.ఎఫ్. గుడ్రిచ్ అనే రబ్బరు కంపెనీలో పనిచేస్తున్న వాల్డో సీమన్‌కు అప్పగించిన పని వేరు: లోహానికి రబ్బరును అంటించే జిగురు కనిపెట్టమన్నారు. ఎవరికీ అక్కరలేని పీవీసీని తీసుకుని, బాగా వేడెక్కితే తప్ప మరగని ఒక ద్రవంలో కాచాడు. జిగురు రాలేదు. చల్లారాక గిన్నెలో మిగిలింది ముట్టుకుంటే వంగి, వదిలితే యథాస్థానానికి వచ్చే మెత్తటి ముద్ద. నూనెలాంటి ఆ ద్రవపు అణువులు పీవీసీ గొలుసుల మధ్య దూరి వాటిని ఎడంగా ఉంచాయి, గొలుసులు ఒకదాని మీద ఒకటి జారడం మొదలుపెట్టాయి. అంతే కిటుకు. కానీ కంపెనీ దీన్ని అమ్మడమెలాగో తేల్చుకోలేకపోయింది. భార్య రబ్బరు పూసిన గుడ్డతో తెర కుట్టడం చూసిన సీమన్, తన పదార్థం పూసిన గుడ్డ ఒకటి తీసుకుని పైఅధికారి బల్ల దగ్గరికి వెళ్ళాడని, కాగితాల మీద ఆ గుడ్డ పరిచి కూజాలో నీళ్ళు కుమ్మరించాడని చెబుతారు. కాగితాలు తడవలేదు. 1933లో పేటెంటు వచ్చింది. సీమన్ 1999 దాకా, నూరేళ్ళు బతికాడు. నన్నడిగితే ఆయనకు ఇంకా పెద్ద పేరే రావలసింది.

ఆ నూనె గొలుసులకు రసాయనికంగా అతుక్కుని ఉండదు, మధ్యలో ఇరుక్కుని ఉంటుందంతే. దారి దొరికితే వెళ్ళిపోతుంది. ఎండ వేడికి కొంచెం కొంచెం ఆవిరవుతుంది. కొత్త సీటు వాసనలో కొంత భాగం అదే. మన దేశంలో చాలాకాలం వాడింది డీఓపీ అని పిలిచే నూనె. పిల్లల ఆట వస్తువుల్లో దీన్ని యూరప్ నిషేధించింది.

సీటు రెగ్జిన్ ఒక్క పొర కాదు. అడుగున గుడ్డ, దాని మీద చాలా రకాల్లో గాలి బుడగలున్న మెత్తటి పీవీసీ, ఆ పైన గట్టి పీవీసీ పొర, అన్నిటికీ మీద వార్నిషు లాంటి పలచటి పూత. మరకలను ఆపేది, నూనెను లోపల పట్టి ఉంచేది ఆ చివరి పూతే. పడవ సీట్ల కోసం చేసే రెగ్జిన్‌లో ఎండను తట్టుకునే రసాయనాలు, బూజు మందు కూడా కలుపుతారు, పాలియెస్టరు దారంతో కుడతారు.

ఇప్పుడు మెకానిక్ షెడ్డులో జరిగేది చూడండి. గ్రీజు మరక పడింది. పెట్రోలు తడిపిన గుడ్డతో ఒక్క తుడుపు, సీటు కొత్తదానిలా మెరుస్తుంది. మెరిసింది మురికి పోయినందుకే కాదు, పెట్రోలుకు ఆ పైపూత, లోపలి నూనె కూడా లొంగుతాయి. థిన్నరు ఇంకా ఘాటు. అలా పదేపదే తుడిచిన సీటు బిరుసెక్కి, మొదట కుట్టు పక్కన చిట్లుతుంది. స్టీలు పీచు, ముగ్గుపిండి పూతను గీకేస్తాయి. తెల్లగా నురగలా ఉండే మెలమైన్ స్పాంజి కూడా సన్నటి ఉప్పుకాగితం లాంటిదే. మెరుపు కోసం కొబ్బరినూనె పూస్తే దుమ్ము పట్టుకుని వారంలో ఇంకా నల్లబడుతుంది.

చేయాల్సిన పని తీరిగ్గా చేసేది. ముందు ఎండిన బురదను దులపాలి, లేకపోతే ఇసుకే గీతలు పెడుతుంది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా కలిపి నురగ సీటు మీద పూసి, నాలుగైదు నిమిషాలు నాననివ్వాలి. గుంటల్లోని మురికి కదలడానికి ఆ మాత్రం సమయం కావాలి. తర్వాత మెత్తటి బ్రష్షుతో గుండ్రంగా, కుట్ల దగ్గర పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, మంచినీళ్ళలో పిండిన గుడ్డతో తుడవాలి. ఒకేసారి సీటంతా కాకుండా జానెడు చొప్పున చేయండి, నురగ ఎండిపోకుండా ఉంటుంది. కుంకుడు రసమూ పనిచేస్తుంది, లేత రంగు సీటు మీద మాత్రం ఆరనివ్వకండి. బాగా మురికైతే ఇదంతా రెండోసారి చేయాలి తప్ప మందు ఘాటు పెంచకూడదు. నల్లబూజు సబ్బుకు పోకపోతే ఒక పాలు బ్లీచుకు పది పాళ్ళ నీళ్ళు కలిపి, మూలన పరీక్షించి, పూసి వెంటనే కడిగేయాలి. బ్లీచు దారాన్ని తింటుంది. దాన్ని యాసిడ్‌తో కలపనే కూడదు, విషవాయువు వస్తుంది.

గులాబి మరకలకు మాత్రం మందు లేదు. స్ట్రెప్టోవెర్టిసిలియం రెటిక్యులమ్ అనే సూక్ష్మజీవి లోపలి తడిలో పెరిగి రంగు పుట్టిస్తుంది. ఆ రంగు రెగ్జిన్ నూనెలో కరిగి పైకి ఎక్కుతుంది. ఎంత రుద్దినా అది పైన లేదు గనక పోదు. సర్వీసింగ్ సెంటర్లో పైపు పెట్టి సీటును కొట్టించడం ఈ తడికి ఒక కారణం. ఆ ధాటికి నీళ్ళు కుట్టు రంధ్రాల్లోంచి స్పాంజిలోకి పోతాయి, మబ్బు రోజుల్లో ఎండవు. ఇంజనుకు పైపు పెట్టించండి, సీటుకు తడిగుడ్డ చాలు. ఆరబెట్టడం నీడలో.

చివరగా సీట్లు కుట్టేవాళ్ళకూ, కుట్టించుకునేవాళ్ళకూ ఒక మనవి. విప్పేసిన పాత రెగ్జిన్‌ను సాయంత్రం చెత్తతో పాటు కాలవ గట్టున తగలబెట్టకండి. అందులో ఉన్న క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగగా, డయాక్సిన్లుగా మన ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. బాగున్న ముక్కలు స్టూళ్ళకూ, సైకిలు సీట్లకూ పనికొస్తాయి, మిగిలినవి పంచాయతీ చెత్తబండికి ఇవ్వండి.