మరుపు ఎందుకొస్తుంది?

ఏదైనా మరిచిపోగానే మతిమరుపు వచ్చేసిందని దిగులు పడతాం. నిజానికి మరుపుకు కారణాలు చాలానే ఉన్నాయి. మనస్తత్వ శాస్త్రం తేల్చిన కొన్ని విశేషాలివి...

* మరుపును తొలిసారి లెక్కగట్టింది జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. అర్థంలేని అక్షరాల గుంపులను బట్టీపట్టి, తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రచురించారు. నేర్చుకున్నదాంట్లో సగానికి పైగా గంటలోనే చేజారింది. తర్వాత ఆ వేగం బాగా తగ్గింది. నెల గడిచాక కూడా ఐదో వంతు మిగిలే ఉంది.

* మననం చేసుకోకపోతే మూడక్షరాలైనా నిలవవు. 1959లో అమెరికాలో పీటర్సన్ దంపతులు విద్యార్థులకు మూడు హల్లులు వినిపించి, వెంటనే ఒక సంఖ్య చెప్పి, అందులోంచి మూడేసి తీసేస్తూ పైకి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లు గడిచేసరికి నూటికి పదిసార్లు కూడా ఆ అక్షరాలు సరిగ్గా చెప్పలేకపోయారు.

* కొత్త విషయాలు పాతవాటికి అడ్డుపడతాయి. 1924లో జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ జరిపిన పరీక్షలో, నేర్చుకోగానే నిద్రపోయినప్పుడు ఎక్కువ గుర్తుంది. మెలకువగా ఉండి రోజువారీ పనుల్లో పడినప్పుడు ఎక్కువ మరుపొచ్చింది. మరుపుకు కాలం ఒక్కటే కారణం కాదని అలా తెలిసింది.

* నేర్చుకున్న చోటు కూడా జ్ఞాపకానికి ఆసరాయే. 1975లో స్కాట్లండ్‌లోని ఓబన్ దగ్గర గాడెన్, బాడ్లీ గజ ఈతగాళ్లకు కొన్ని పదాలు ఒడ్డున, కొన్ని సముద్రం అడుగున వినిపించారు. నీళ్లలో విన్నవి నీళ్లలోనే, ఒడ్డున విన్నవి ఒడ్డునే బాగా గుర్తొచ్చాయి.

* పేరు నోట్లోనే నానుతుంటుంది, బయటికి మాత్రం రాదు. 1966లో బ్రౌన్, మెక్‌నీల్ పరీక్షించిన విద్యార్థులు అలాంటప్పుడు ఆ మాట మొదటి అక్షరాన్ని చాలాసార్లు సరిగ్గానే చెప్పారు. అంటే జ్ఞాపకం చెరిగిపోలేదు, అందలేదంతే.

* అసలు మరుపే లేకపోతే? రష్యాకు చెందిన సోలమన్ షెరెషెవ్‌స్కీ అలాంటి మనిషే. మరిచిపోవడానికి కాగితం మీద రాసి కాల్చేసినా, కాలిన ముక్కల మీద ఆయనకు అంకెలు కనిపించేవట! ఆయన్ను ఏళ్ల తరబడి పరిశీలించిన అలెగ్జాండర్ లూరియా ఈ సంగతి రాశారు.

* 2006లో రోడిగర్, కార్పికే చేసిన పరిశోధన విద్యార్థులకు పనికొస్తుంది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికన్నా, చదివాక చూడకుండా రాసినవారికే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. కాబట్టి పరీక్షలకు చదివే పిల్లలూ, ఒకసారి చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది రాసి చూసుకోండి!