అడ్డొచ్చిన నాడి

మత్తులో ఉన్న మనిషికి ఊపిరి అందకపోతే పక్కనున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? మత్తు వైద్యం మొదలైన నూరేళ్ల దాకా దీనికి ఉన్న ప్రధానమైన జవాబు కంటిచూపే. పెదవులు, గోళ్లు నీలం తిరుగుతున్నాయా, కోసిన చోట రక్తం నల్లబడుతోందా అని కనిపెట్టుకుని ఉండేవారు. ఆ చూపు ఎంత నమ్మదగిందో 1947లో కామ్రో, బొటెల్హో అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పరీక్షకు పెట్టారు. ఆరోగ్యవంతుల ధమనుల్లో హిమోగ్లోబిన్ 95 శాతానికి పైగా ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. అది 80 దగ్గరికి పడిపోయేదాకా చాలామంది పరిశీలకులు నీలాన్ని కచ్చితంగా పోల్చుకోలేకపోయారు. మేనిఛాయ నలుపైతే, దీపం మసకదైతే, రోగికి రక్తహీనత ఉంటే ఆ పని మరీ కష్టం. పైగా ఊపిరి ఆగినప్పుడు ఆక్సిజన్ ఒకే తీరున తగ్గదు. 90 దాకా మెల్లగా దిగి, అక్కడి నుంచి బావిలోకి జారినట్టు పడిపోతుంది. అంటే కన్ను గుర్తుపట్టే వేళకు రోగి ఆ బావిలో సగం దిగిపోయి ఉంటాడు.

ఈ చిక్కును విప్పిన యంత్రం పల్స్ ఆక్సీమీటర్. విచిత్రమేమంటే దాన్ని కనిపెట్టిన మనిషి అప్పటికి వెతుకుతున్నది వేరొకటి. 1970ల తొలినాళ్లలో జపాన్‌లోని నిహాన్ కోడెన్ సంస్థలో తకువో అవోయాగి అనే ఇంజనీరు, గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతోందో కొలిచే పద్ధతి మీద పనిచేస్తున్నాడు. సిరలోకి ఒక రంగుమందు ఎక్కించి, చెవి తమ్మె గుండా వెలుగు పంపి, ఆ రంగు ఎలా వచ్చి ఎలా పోతోందో గీత గీయాలి. గీత నున్నగా రావడం లేదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా రంపపు పళ్లలా ఎగుడుదిగుడు. ఈ పీడ వదిలించుకోవడానికి అతను రెండు రకాల వెలుగులు పంపి, ఒకదానితో ఒకటి కొట్టివేశాడు. ఫలించింది, కానీ రక్తంలో ఆక్సిజన్ మారినప్పుడల్లా లెక్క మళ్లీ చెడేది. లెక్క చెడుతున్న తీరులోనే ఆక్సిజన్ కొలత దాగి ఉందని అతనికి తట్టింది. అడ్డొస్తున్న నాడే అసలు కొలతకు దారి చూపింది.

ఇందులోని తర్కం ముచ్చటైనది. వేలి గుండా వెలుగు పోతే చర్మం, ఎముక, గోరు, సిరల్లోని రక్తం అన్నీ కొంత మింగుతాయి. అవి క్షణానికొకలా మారవు. నాడితో పాటు ఉబ్బి తగ్గేది ధమని రక్తం ఒక్కటే. కాబట్టి వెలుగులో కదలాడే భాగాన్ని మాత్రమే తీసుకుంటే మిగతాదంతా దానంతటదే లెక్కలోంచి తప్పుకుంటుంది. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ ఎర్ర వెలుగును తక్కువగా, కంటికి కనిపించని పరారుణాన్ని ఎక్కువగా మింగుతుంది. ఆక్సిజన్ వదిలేసినదాని నడత దీనికి తిరగబడి ఉంటుంది. రెండింటి నిష్పత్తి తెలిస్తే శాతం తెలిసినట్టే. అంతకుముందు కూడా చెవికి పెట్టే ఆక్సీమీటర్లు ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పైలట్ల కోసం గ్లెన్ మిలికన్ ఒకటి చేశాడు, ఆక్సీమీటర్ అన్న పేరూ ఆయన పెట్టిందే. 1970ల్లో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎనిమిది రకాల వెలుగులతో చేసిన యంత్రం బాగానే కొలిచేది, కానీ చాలా బరువు, చాలా ఖరీదు. ఆపరేషన్ బల్ల పక్కన దానికి చోటు దొరకలేదు.

అవోయాగి ఆలోచన కూడా వెంటనే థియేటర్లోకి నడిచిపోలేదు. 1974లో అతని సంస్థ పేటెంట్‌కు దరఖాస్తు చేసిన కొద్ది వారాలకే కెమెరాల కంపెనీ మినోల్టా అలాంటిదే మరొకటి వేసింది. నిహాన్ కోడెన్ 1975లో చెవికి పెట్టే పరికరం అమ్మకానికి తెచ్చి, ఆ తర్వాత ఆ దారి వదిలేసింది. తర్వాతి మలుపు అమెరికాలో వచ్చింది. 1980ల మొదట్లో బయాక్స్, నెల్‌కోర్ కంపెనీలు చవకైన ఎల్ఈడీ దీపాలతో దీన్ని చిన్నది చేశాయి. నెల్‌కోర్ స్థాపకుల్లో ఒకరైన విలియం న్యూ స్వయంగా మత్తు డాక్టరు. ఆ యంత్రం ప్రతి నాడికీ ఒక కూత కూస్తుంది, ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ కూత శ్రుతి దిగుతుంది. నా లెక్కలో వెలుగుల నిష్పత్తి కంటే ఈ శ్రుతి తక్కువ ఆవిష్కరణేమీ కాదు. మత్తిచ్చే మనిషి మందు ఎక్కిస్తూ, సెలైన్ మారుస్తూ, రక్తం కోసం కబురు పంపుతూ ఉంటాడు. అతని కళ్లు ఖాళీగా ఉండవు, చెవులు ఉంటాయి. తెరమీది అంకెను పనిగట్టుకుని చూడాలి, దిగుతున్న శ్రుతి మాత్రం పనిలో ఉన్నా చెవిన పడుతుంది. ఆక్సీమీటర్ ప్రాణాలు నిలిపింది దాని కొలత సూక్ష్మమైనందుకే కాదు, థియేటర్లో మనుషులు పనిచేసే తీరుకు అది ఒదిగినందుకు అని నేను అనుకోవడానికి ఇదే మొదటి ఆధారం.

దీనికి గట్టి ఎదురు వాదన ఉంది. 1993లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలో 20,802 మంది రోగులను చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే ఆక్సీమీటర్ పెట్టారు. ఆక్సిజన్ పడిపోయిన సందర్భాలు ఆ గుంపులో 19 రెట్లు ఎక్కువగా పట్టుబడ్డాయి. కానీ మొత్తం మీద మరణాల్లో, తర్వాతి ఇబ్బందుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అలాంటప్పుడు పేద ఆసుపత్రి డబ్బు దీని మీద ఎందుకు పోయాలి? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యకూడదు. అయితే ఆ అధ్యయనం జరిగింది తర్ఫీదు పొందిన మత్తు డాక్టర్లు పక్కనే ఉండే సంపన్న దేశంలో. అక్కడ మత్తువల్ల చావు చాలా అరుదు, అరుదైనదాంట్లో తేడా పట్టడానికి ఇరవై వేలమంది చాలరు. టోగోలో 2005లో ప్రచురితమైన ఒక పరిశీలనలో మత్తుకు సంబంధించిన మరణం 133 మందికి ఒకటి. మలావీలో 2000లో వచ్చిన లెక్క 504కు ఒకటి. ఇంత తేడా ఉన్నచోట డెన్మార్క్ ఫలితాన్ని తెచ్చి అతికించడం, తుపాను చూడని ఊళ్లో గొడుగు దండగని తేల్చి కోనసీమకు సలహా ఇవ్వడం లాంటిది.

మరో మాట కూడా అంటారు: ఊపిరి ఆగిందని కూడా ఆక్సీమీటర్ ఆలస్యంగానే చెబుతుంది. నిజమే, ముందుగా ఆక్సిజన్ బాగా పట్టించిన రోగికి శ్వాస ఆగినా కొన్ని నిమిషాలు అంకె కదలదు. వదిలిన గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ ఇంకా త్వరగా పట్టేస్తుంది. కానీ మామూలు గాలి పీలుస్తున్న రోగిలో ఆ నిల్వ ఉండదు కాబట్టి అంకె త్వరగానే దిగుతుంది. ఆక్సిజన్ సిలిండర్లు పొదుపుగా వాడుకునే ఆసుపత్రిలోనే ఈ చిన్న యంత్రం ఎక్కువ చురుగ్గా పనిచేస్తుందన్నమాట.

2010లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 77 వేల ఆపరేషన్ థియేటర్లలో, అంటే దాదాపు అయిదింట ఒకదానిలో, ఆక్సీమీటర్ లేదు. అంతకు రెండేళ్ల ముందే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 19 అంశాల శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టులో ఆక్సీమీటర్ రోగికి పెట్టారా, పనిచేస్తోందా అన్న ప్రశ్నను మత్తు ఇవ్వకముందే అడగాలని పెట్టింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో ఆ చెక్‌లిస్టు వాడి చూస్తే మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ పనికి నాయకత్వం వహించిన అతుల్ గవాండే తదితరులు 2011లో లైఫ్‌బాక్స్ అనే సేవాసంస్థ మొదలుపెట్టి, కరెంటు పోయినా గంటల తరబడి బ్యాటరీ మీద నడిచే గట్టి ఆక్సీమీటర్‌ను 250 డాలర్లకు, శిక్షణతో కలిపి అందించారు. కెనడాలోని ఒంటారియోలో చెక్‌లిస్టును ఆసుపత్రులన్నింటికీ తప్పనిసరి చేసినా మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదని 2014లో తేలిన మాటా ఇక్కడ దాచకూడదు. మాల్డోవా రాజధాని కిషినౌలో చెక్‌లిస్టు, ఆక్సీమీటర్, శిక్షణ కలిపి ఇచ్చినప్పుడు మాత్రం ఇబ్బందులు 21.5 నుంచి 8.8 శాతానికి దిగాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే నాకు అర్థమయ్యేది ఇదే: కాగితం, యంత్రం, మనిషి ఒకే పనిలో ముడిపడినచోట ఫలితం వచ్చింది.

కోవిడ్ కాలంలో తెలుగు ఇళ్లలో కూడా 94 అన్న అంకె నోళ్లలో నానింది. వేలికి తగిలించే ఆ క్లిప్పు, థియేటర్లోని యంత్రం ఒకే సూత్రం మీద నడుస్తాయి. కానీ చవకరకం క్లిప్పులు చాలావాటికి కూత ఉండదు, రక్తప్రసరణ మందగించిన చల్లటి వేలి దగ్గర తడబడతాయి. సిజేరియన్‌లో రక్తం పోతున్న తల్లి వేలు అలాగే చల్లబడుతుంది. నల్లని చర్మంపై అసలు కంటే ఎక్కువ అంకె చూపే లోపం కూడా 2020లో అమెరికా రోగుల లెక్కల్లో స్పష్టంగా బయటపడింది. అక్కడి నల్లజాతి రోగుల్లో, బయటికి కనబడని ఆక్సిజన్ కొరత తెల్లవారికంటే దాదాపు మూడురెట్లు తరచుగా తప్పించుకుపోయింది. మన ఛాయలకూ ఇది పట్టించుకోవలసిన సంగతే. అయితే ఒక్క అంకె రెండు మూడు తప్పు చెప్పవచ్చు గానీ, మొదట వినిపించిన శ్రుతి క్రమంగా దిగుతుంటే అది రోగిలో వచ్చిన మార్పుకు గుర్తు. చెవి పట్టుకునేది ఆ దిగుడునే.

ఈ యంత్రంలో తేలిగ్గా పాడయ్యే భాగం వేలికి పెట్టే ప్రోబ్, దాని తీగ. ట్రాలీ చక్రం కింద నలుగుతుంది, మెలిపడుతుంది, వెలుగు దీపం మిణుకుమంటుంది. ఇండెంట్ పెట్టి కొత్తది వచ్చేదాకా యంత్రం బీరువాలో కూర్చుంటే, లెక్కల పుస్తకంలో ఆక్సీమీటర్ ఉన్నట్టే, థియేటర్లో లేనట్టే. టెండర్లో యంత్రం ధర పక్కన ఏటా కావలసిన ప్రోబుల ధర కూడా ఒక వరసలో రాయించడం పెద్ద ఖర్చేమీ కాదు.