పీతలు ఒడ్డుకు వచ్చే రాత్రి

జూబిలీ అనగానే మనకు లేవీయకాండము 25వ అధ్యాయంలోని సునాద సంవత్సరం, బానిసలకు కలిగిన విడుదల గుర్తుకు వస్తాయి. అమెరికాలో అలబామా రాష్ట్రపు మోబైల్ అఖాతం తూర్పు ఒడ్డున ఉండేవారికైతే బుట్టలు, దీపాలు గుర్తుకు వస్తాయి. అక్కడ వేసవిలో కొన్ని రోజులు తెల్లవారక ముందే పీతలు, రొయ్యలు, అడుగున బ్రతికే చేపలు గుంపులుగా ఒడ్డుకు చేరతాయి. చూసినవారు "జూబిలీ!" అని కేక వేస్తే చాలు, ఊరంతా పరుగెత్తుకొస్తుంది. 19వ శతాబ్దం నుండి ఇది జరుగుతూనే ఉంది.

పండుగ మనుషులకే. పీతలు ఊపిరాడక వస్తున్నాయి! నదుల మంచినీరు తేలికై పైన నిలుస్తుంది, ఉప్పునీరు అడుగున ఉంటుంది. అడుగున చేరిన ఆకూ అలమూ కుళ్ళి అక్కడి ప్రాణవాయువును హరిస్తాయి. తూర్పుగాలి పైనీటిని ఒడ్డు నుండి నెట్టివేయగా, పోటుతో ఆ అడుగునీరు ఒడ్డుకు ఎక్కుతుంది. దానికి ముందుగా పారిపోయి వచ్చిన ప్రాణులే ఇవి.

మరి పారిపోలేని ఆల్చిప్పల మాటేమిటి? అవి తలుపులు మూసుకుంటాయి. గుండె నెమ్మదిస్తుంది. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్‌ను ప్రాణవాయువు లేకుండానే ఖర్చు చేస్తాయి. అందువల్ల లోపల ఆమ్లం పేరుకుంటుంది. దాన్ని విరచడానికి తమ చిప్పలోని సున్నాన్నే కొంత కరిగించుకుంటాయి. ఇంటి గోడ గీకి మందు వేసుకున్నట్టు! ఉత్తర అట్లాంటిక్‌లోని ఒక జాతి గుల్ల చల్లని నీటిలో 50 రోజులకు పైగా ఇలా బ్రతకగలదు. మన కాకినాడ బుడిత గుల్లలది మరో ఉపాయం. వాటి రక్తంలో మనకున్నట్టే హీమోగ్లోబిన్ ఉంది, అందుకే మాంసం ఎర్రగా కనిపిస్తుంది.

ఇబ్బంది అంతా వేడితోనే. సున్నా డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది, 30 డిగ్రీల దగ్గర సుమారు 6 మాత్రమే. అదే వేడికి గుల్ల అవసరం పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం ఎలా ఉంటుందో గృహిణులకు చెప్పనక్కరలేదు. చలిలో వారాలు ఆగగలిగే ప్రాణి, వేసవిలో దాచుకున్నది త్వరగా అయిపోయి, నోరు తెరిచి చనిపోతుంది.

1960 నుండి 2010 లోగా ప్రపంచ సముద్రాలు తమ ప్రాణవాయువులో దాదాపు 2 శాతం పోగొట్టుకున్నాయి. తక్కువే అనిపిస్తుంది, కాని నష్టం అన్నిచోట్లా ఒకేలా లేదు. మోబైల్‌కు పడమట, మిసిసిపీ నది తెచ్చే ఎరువుల వల్ల, 2017లో 22,000 చదరపు కిలోమీటర్లకు మించిన మేర అడుగునీరు ప్రాణవాయువు కరవైపోయింది. అక్కడి నుండి పీత పారిపోగలదు. మట్టిలో పూడుకున్న గుల్ల, గాలి వీచి నీళ్ళు మళ్ళీ కలిసేదాకా తలుపు మూసుకొని ఉండవలసిందే.