నివేదికలో సున్నా ఉంటే ఊరిలో వ్యాధి లేనట్లేనా?

ఈ వారం గ్రామంలో విషజ్వరాలు లేవని నివేదికలో సున్నా పడితే దానికి రెండు అర్థాలుండవచ్చు. నిజంగా వ్యాధి లేకపోవడం ఒకటి. వ్యాధి ఉన్నా చూచి వ్రాసినవారు లేకపోవడం రెండవది. వ్యాధుల నిఘా ఎంత బాగా పనిచేస్తున్నదో తేల్చడమంటే ముఖ్యంగా ఈ రెండు సున్నాలను వేరుచేయడమే.

ఇందుకు పోలియో నిఘా చక్కని ఉదాహరణ. పదిహేనేళ్లలోపు పిల్లలకు హఠాత్తుగా కాళ్లు, చేతులు చచ్చుబడితే, కారణమేదైనా నమోదు చేయాలి. పోలియో లేనిచోట కూడా ఏటా లక్షమంది పిల్లలలో కనీసం ఒకరికి ఇతర కారణాలవల్ల ఇట్లు జరుగుతుంది. ఆపాటి కేసులైనా దొరకలేదంటే వెదకడమే సరిగా లేదని గ్రహించాలి. జబ్బు కనబడిన 14 రోజులలోపు రెండు మల నమూనాలు సేకరించాలి. నూటికి 80 కేసులలోనైనా ఇది సక్రమంగా జరగాలన్నది ప్రమాణం. ఇట్టి కొలతలు ఉన్నందువల్లనే, 2011 జనవరిలో హౌరా జిల్లాలో కనబడిన కేసే చివరిదన్న మన దేశపు మాట నమ్మదగినదై, 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ లభించింది.

ఇతర వ్యాధులకై 2004లో సమీకృత వ్యాధి నిఘా పథకం ఆరంభమైంది. ఆరోగ్య కార్యకర్త లక్షణాలను, వైద్యుడు తన అనుమానాన్ని, ప్రయోగశాల నిర్ధారణను వేర్వేరుగా నమోదు చేస్తారు. దీని పనితీరును కొన్ని ప్రశ్నలతో పరీక్షించవచ్చు. సమాచారం సకాలంలో చేరిందా? ప్రైవేటు వైద్యుల వద్దకు వెళ్లినవారూ లెక్కకు వచ్చారా? సమాచారం అందిన పిదప ఎవరైనా ఊరికి వచ్చి నీటిని పరీక్షించారా?

సరిహద్దు గ్రామాలకు మరొక చిక్కు ఉన్నది. హోసూరు ప్రాంతపు రోగి బెంగళూరులో చికిత్స పొందితే కేసు కర్ణాటక ఆసుపత్రిలో తేలుతుంది. దోమలు పెరిగే నీటిగుంట తమిళనాడులోని అతని ఊరిలో ఉంటుంది. చిరునామా సరిగా లేకున్నా, ఆ వార్త రాష్ట్రం దాటి తిరిగి రాకున్నా, ఆ ఊరి నివేదికలో సున్నాయే మిగులుతుంది. ఆ గుంట అట్లే ఉండి, పక్కింటివారూ జ్వరాన పడతారు.

కనుక పొరుగు రాష్ట్రపు ఆసుపత్రిలో బంధువుల చిరునామా గాక స్వగ్రామం, తాలూకా, జిల్లా పేర్లు చెప్పి వ్రాయించండి. తిరిగి వచ్చాక పరీక్ష చీటీని ఆశా కార్యకర్తకు చూపండి. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి ఒకే తీరు జ్వరమో, విరేచనాలో కనబడితే నిర్ధారణకై వేచి ఉండక ఆనాడే తెలియజేయండి.